డీమార్ట్: కొట్టేమో కిటకిట, షేరేమో కటకట. లెక్క ఎక్కడ తేడా కొడుతోంది?

బెంజిసర్కిల్_బేరం
2025 సెప్టెంబరు త్రైమాసికం అంకెలు ముందు పెట్టుకుని అడుగుతున్నా. డీమార్ట్ నడిపే అవెన్యూ సూపర్‌మార్ట్స్ కన్సాలిడేటెడ్ (అనుబంధ సంస్థలన్నీ కలిపి) అమ్మకాలు 16,676 కోట్లు, నిరుడు ఇదే మూడు నెలల మీద 15.4% ఎక్కువ. లాభం మాత్రం 685 కోట్లు, పెరిగింది 4 శాతం లోపే. దానికి ముందు జూన్ త్రైమాసికంలో అమ్మకాలు 16% పెరిగాయి, లాభం 773 కోట్ల దగ్గర కదలకుండా కూర్చుంది. 2021 అక్టోబరులో 5,900 దాకా ఎగిరిన షేరు ఇప్పుడు, 2025 నవంబరులో, నాలుగు వేలకి అటూ ఇటూ. ఆదివారం సాయంత్రం ఏ బ్రాంచికెళ్ళినా ట్రాలీ ఖాళీ ఉండదు. ఇంత జనం వస్తుంటే డబ్బు ఎటు పోతున్నట్టు? లెక్కతో చెప్పేవాళ్ళు చెప్పండి. "మంచి కంపెనీ, పట్టుకుని కూర్చో" అనే దీవెనలు వద్దు.

గుంటూరు_ఘాటు
ట్రాలీలు లెక్కపెట్టి షేరు కొంటే మిరపయార్డులో లారీలు లెక్కపెట్టి ధర చెప్పినట్టే. యార్డు నిండా టిక్కీలు (మిరప బస్తాలు) ఉన్న రోజే కదా రేటు పడేది.

సీఏ_లబ్బీపేట
నాలుగేళ్ళ అంకెలు వరసగా చూస్తే జవాబు సగం అక్కడే ఉంది. అన్నీ కన్సాలిడేటెడ్.

2021-22: అమ్మకాలు 30,976 కోట్లు, లాభం 1,492. వందకి 4 రూపాయల 80 పైసలు.
2022-23: 42,840 కోట్లు, 2,378. వందకి 5.55.
2023-24: 50,789 కోట్లు, 2,536. వందకి 5 రూపాయలు.
2024-25: 59,358 కోట్లు, 2,707. వందకి 4.56.

అంటే కిందటేడు అమ్మకాలు 17% పెరిగాయి, లాభం 7 శాతం లోపు. ఇది ఒక్క త్రైమాసికం జబ్బు కాదు, రెండేళ్ళుగా మెల్లగా కారుతోంది. వంద రూపాయల బిల్లులో దాదాపు 85 సరుకు కొనడానికే పోతాయి. మిగిలిన 15లోనే జీతాలు, కరెంటు, రవాణా, సెక్యూరిటీ, అన్నీ. అవి పోగా, వడ్డీ, తరుగుదల, పన్ను తియ్యకముందు మిగిలే ఎబిటా 2023-24లో 8.1, 2024-25లో 7.6, ఈ సెప్టెంబరు త్రైమాసికంలో 7.3. అర రూపాయే కదా అనకండి. 59 వేల కోట్ల మీద అర శాతం అంటే 300 కోట్లు.

ఓపిక_తక్కువ
మరి ఆ అర రూపాయి తిన్నదెవరు?

వన్‌టౌన్_హోల్‌సేల్
ఒక్కడు కాదు, ముగ్గురు పంచుకున్నారు.

మొదటిది సరుకు కూర్పు. ఇలాంటి కొట్టులో పప్పులు, బియ్యం, నూనె జనాన్ని రప్పించడానికి. సబ్బులు, పేస్టులు చక్రం తిప్పడానికి. అసలు మిగిలేది దుప్పట్లు, ప్లాస్టిక్ సామాను, స్టీలు గిన్నెలు, బట్టల మీద. కంపెనీ లెక్కల్లో దాని పేరు జనరల్ మర్చండైజ్ అండ్ అపారెల్. కోవిడ్‌కి ముందు మొత్తం అమ్మకాల్లో దాని వాటా 27% పైన ఉండేది. ఇప్పుడు 22, 23 దగ్గర తచ్చాడుతోంది. పప్పు కొనడానికి వచ్చినామె వెళ్తూ వెళ్తూ ఒక దుప్పటి వేసుకోవాలి. ఆ దుప్పటి తగ్గింది.

రెండోది సబ్బులు, పేస్టుల మీద ధరల పోటీ. పది నిమిషాల డెలివరీ వాళ్ళు సరిగ్గా ఇక్కడే తగ్గించి అమ్ముతున్నారు. మూడోది జీతాలు. కింది స్థాయి ఉద్యోగాలకి జీతాలు బాగా పెరిగాయని, సేవ మెరుగుపరచడానికి ఖర్చు పెడుతున్నామని కంపెనీయే మార్చి ఫలితాలప్పుడు చెప్పింది.

పటమట_పెట్టుబడి
జీతాలు పక్కన పెట్టండి, అవి అందరికీ పెరిగాయి. అసలు దొంగ పది నిమిషాల డెలివరీయే. 2024 అక్టోబరు 14 గుర్తు లేదా? శనివారం ఫలితాలొచ్చాయి, సోమవారం షేరు ఒక్కరోజులో 8 శాతం పైన పడింది. పాత కొట్ల అమ్మకాల వృద్ధి 5.5 శాతానికి దిగింది, పెద్ద నగరాల్లో బాగా అమ్మే కొట్ల మీద ఆన్‌లైన్ దెబ్బ కనిపిస్తోందని కంపెనీయే ఒప్పుకుంది.

బ్రాడీపేట_నాలుగోలైను
"పెద్ద నగరాల్లో" అన్న మాట మీరే రాసి మీరే దాటేశారు పటమటగారూ. ముంబై కుర్రాడు అరకిలో ఉల్లిపాయలు తెప్పించుకుంటాడు. ఇక్కడ నెల సరుకు చీటీ రాసుకుని వెళ్ళే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. 26 కిలోల బీపీటీ బియ్యం బస్తాని స్కూటరు మీద పది నిమిషాల్లో తెమ్మనండి చూద్దాం.

ఓపిక_తక్కువ
26 కిలోలే ఎందుకు? 25 కాదా?

బ్రాడీపేట_నాలుగోలైను
2022 జూలై 18 నుంచి లేబులు వేసి ముందే కట్టిన 25 కిలోల దాకా బస్తాకి 5% జీఎస్టీ. 25 దాటితే లేదు. మిల్లులవాళ్ళు ఒక్క కిలో కలిపారు, పన్ను పోయింది. పెద్ద చైనులు బియ్యం, పప్పు కిలో, అయిదు కిలోల ప్యాకెట్లు కట్టి తమ పేరుతో అమ్ముతాయి కాబట్టి వాళ్ళకి 5% తప్పదు. బస్తా బియ్యంలో మన వీధి కొట్టు ఇంకా నిలబడింది ఇందుకే.

గుంటూరు_ఘాటు
బాపట్ల పరిశోధన కేంద్రం బీపీటీ 5204 కనిపెట్టింది, మిల్లరు 26వ కిలో కనిపెట్టాడు. రెండూ మన వైపువే.

ఓపిక_తక్కువ
జీఎస్టీ మాటొచ్చింది కాబట్టి అడుగుతా. 2025 సెప్టెంబరు 22న సబ్బులు, షాంపూ, పేస్టు 18 నుంచి 5కి, నెయ్యి 12 నుంచి 5కి దిగాయి కదా. ఎంఆర్‌పీ తగ్గింది కాబట్టే అమ్మకాల వృద్ధి తగ్గిందంటున్నారు. ఆ లెక్క నిజమేనా?

సీఏ_లబ్బీపేట
కాదు. ఈ తప్పు చాలా చోట్ల చూస్తున్నా. ఫలితాల్లో చూపే రాబడిలో జీఎస్టీ ఉండదు. నిన్నటిదాకా 118 రూపాయలకి అమ్మిన షాంపూ డబ్బాలో 18 సర్కారుది, 100 కంపెనీ రాబడి. ఇప్పుడు అదే డబ్బా 105. రాబడి మళ్ళీ 100. జేబులోంచి తీసేది తగ్గింది గానీ లెక్కలో రాబడి తగ్గలేదు.

నిజమైన ఇబ్బంది వేరే. "22 దాకా ఆగుదాం" అని జనం కొనడం వాయిదా వేశారు. అది త్రైమాసికంలో ఆఖరి నెల. దానికి తోడు 18% కట్టి తెచ్చిన పాత సరుకు 5 శాతంతో అమ్మాల్సి వచ్చింది. మిగిలిపోయిన ఇన్‌పుట్ క్రెడిట్‌కి (సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నుకి) నగదు వాపసు రాదు, ముందు ముందు కట్టే పన్నులో సర్దుకోవాలి. వేల రకాలు అమ్మే సంస్థకి అది సర్దుబాటు అయిపోతుంది. చిన్న డిస్ట్రిబ్యూటర్లకే నొప్పి.

వన్‌టౌన్_హోల్‌సేల్
దానికన్నా పెద్ద సంగతి పప్పుల ధర. 2025 అక్టోబరులో ఆహార ధరల సూచీ నిరుటికన్నా 5.02% కింద ఉంది, మొత్తం ద్రవ్యోల్బణం 0.25 శాతమే. అమ్మకాల్లో సగానికి పైగా తిండి సరుకే. కందిపప్పు అన్నే కిలోలు అమ్మినా బిల్లు తక్కువ వస్తుంది. కూలీ, కరెంటు మాత్రం కిలోల మీద పడతాయి, రూపాయల మీద కాదు. రేటు పడినప్పుడు హోల్‌సేలులోనూ ఇదే బాధ: అదే మోత, తక్కువ బిల్లు.

బెంజిసర్కిల్_బేరం
ఇది బాగుంది. అయితే ఈ సెప్టెంబరు త్రైమాసికంలో కంపెనీ చెప్పిన పాత కొట్ల వృద్ధి 6.8% అంత చెడ్డదేం కాదన్నమాట?

వన్‌టౌన్_హోల్‌సేల్
అది రెండేళ్ళు నిండిన కొట్ల అంకె, దాన్నే ఎల్‌ఎఫ్‌ఎల్ అంటారు. మొత్తం 15.4 శాతంలో మిగతాది కొత్త కొట్ల పుణ్యం. ఆహారం ధరలు పడుతున్న కాలంలో 6.8 అంటే పరిమాణం బాగానే కదిలినట్టు. అయినా ఇంకో అంకె చూడండి, అది నాకు నచ్చదు. చదరపు అడుగుకి ఏడాది అమ్మకం 2019-20లో 32,879 రూపాయలు, 2023-24లో 32,941. నాలుగేళ్ళలో ధరలన్నీ పెరిగాయి, అడుగు మాత్రం అంతే సంపాదించింది.

పటమట_పెట్టుబడి
కొత్త కొట్లు పెద్దవి, చిన్న ఊళ్ళలో పెడుతున్నారు. సగటు లాగుతుంది. కొత్త కొట్టు కుదురుకోవడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. దాన్ని జబ్బు అనకూడదు.

వన్‌టౌన్_హోల్‌సేల్
జబ్బు అనలేదు. ఏడాది లాభానికి 96 రెట్లున్న షేరు ధరలో ఆ సంగతి కలిసి లేదంటున్నా.

కృష్ణలంక_కాలిక్యులేటర్
96 ఎలా వచ్చిందో కొత్తవాళ్ళ కోసం. మొత్తం షేర్లు సుమారు 65 కోట్లు. 2,707 కోట్ల లాభాన్ని పంచితే షేరుకి 41 రూపాయల 60 పైసలు. 4,000ని 41.6తో భాగిస్తే 96.

ఇప్పుడు పదేళ్ళు ముందుకెళ్దాం. లాభం ఏటా 15% పెరిగితే పదేళ్ళకి 4.05 రెట్లు, అంటే సుమారు 10,950 కోట్లు. అప్పటికి ఎదుగుదల నెమ్మదిస్తుంది కాబట్టి పీఈ (ధర లాభానికి ఎన్ని రెట్లన్న ఈ లెక్కే) 50 అనుకుందాం. అదీ ఉదారమే. కంపెనీ విలువ 5.47 లక్షల కోట్లు. ఇవాళ్టి విలువ 2.6 లక్షల కోట్లు. పదేళ్ళకి 2.1 రెట్లు, ఏడాదికి 7.7%. లాభం 18% చొప్పున పెరిగితే 10.5%.

ఇక షేరు నాలుగేళ్ళుగా ఎందుకు కదల్లేదంటారా? 5,900 పలికిన రోజున, అప్పటికి ముగిసిన 2020-21 ఏడాది లాభం 1,099 కోట్లు, షేరుకి 17 రూపాయలు. 347 రెట్లు పెట్టి కొన్నారు! లాభం అప్పటినుంచి రెండున్నర రెట్లయింది. ధర మాత్రం ముందే మూడు మెట్లు ఎక్కి కూర్చుంది, లాభం మెట్లెక్కి దాని దగ్గరికి రావాలి. ఇంకా సగం దారిలో ఉంది.

గుంటూరు_ఘాటు
అంటే ఎంఆర్‌పీ మీద తగ్గించి అమ్మే కొట్టుని మనం ఎంఆర్‌పీ మీద ఎక్కువిచ్చి కొన్నాం.

ఓపిక_తక్కువ
😂 ఇది గోడ మీద రాసి పెట్టుకోవాలి

పటమట_పెట్టుబడి
పీఈ 50 అని మీరే పెట్టి మీరే భయపెడుతున్నారు కాలిక్యులేటర్ గారూ. ఈ షేరు పీఈ ఎప్పుడూ ఎక్కువే. కారణం ఉంది. ప్రమోటర్ల చేతిలో దాదాపు 75%. మిగిలిన పాతికలో మ్యూచువల్ ఫండ్లు, విదేశీ సంస్థలు పోగా బజారులో తిరిగేది కొంచెమే. పైగా అప్పు భారం లేదు, స్థలాలు సొంతం. రాధాకిషన్ దమానీ 2002లో పోవైలో మొదటి కొట్టు పెట్టినప్పటినుంచి ఇదే పద్ధతి.

కృష్ణలంక_కాలిక్యులేటర్
సరుకు తక్కువుంటే ధర నిలబడుతుంది, సరే. దిగేటప్పుడు కొనేవాడు కూడా అంతే తక్కువ ఉంటాడు.

బ్రాడీపేట_నాలుగోలైను
సొంత స్థలం గొప్ప అంటున్నారు కదా, అదీ లెక్కేద్దాం. 40,000 అడుగుల కొట్టు, అడుగుకి 33,000 చొప్పున ఏడాదికి 132 కోట్ల అమ్మకం. మన ఊళ్ళలో నెలకి అడుగు అద్దె 50 రూపాయలు అనుకోండి. ఏడాదికి 2 కోట్ల 40 లక్షలు. అమ్మకంలో 1.8%. నికర లాభమే 4.6 ఉన్నచోట పన్నుకి ముందు 1.8 మిగలడం చిన్న విషయం కాదు.

సీఏ_లబ్బీపేట
లెక్క సగమే వేశారు. ఆ స్థలం, కట్టడం కలిపి 60 కోట్లు అయ్యాయనుకుందాం. ఆ డబ్బుని 7 శాతానికి డిపాజిట్ వేస్తే ఏడాదికి 4 కోట్ల 20 లక్షలు. అద్దె మిగిలింది 2.4, వడ్డీ పోయింది 4.2. మొదటి ఏళ్ళలో సొంత స్థలం నష్టమే. లాభం ఎక్కడంటే, లీజు అద్దె మూడేళ్ళకోసారి పెరుగుతూ పోతుంది, ఇది పెరగదు. ఓనరు ఖాళీ చెయ్యమనడు. పదిహేనేళ్ళ తరవాత ఆ కొట్టు పోటీవాడికన్నా చవగ్గా అమ్మగలదు.

కాకపోతే దీని ఫలితం ఇంకోటుంది. వ్యాపారంలో వచ్చిన నగదంతా స్థలాల్లోకీ కట్టడాల్లోకీ పోతుంది. అందుకే 2017లో లిస్టయినప్పటినుంచి ఒక్క పైసా డివిడెండు లేదు. 2020 ఫిబ్రవరిలో క్యూఐపీ (పెద్ద సంస్థలకే కొత్త షేర్లమ్మడం) వేసి 2,049 చొప్పున 2 కోట్ల షేర్లమ్మి 4,098 కోట్లు తెచ్చుకున్నారు, అదీ ఇందులోకే. వార్షిక నివేదికలో నగదు ప్రవాహాల పట్టిక తీసి, వ్యాపారం నుంచి వచ్చిన నగదు వరస కిందనే స్థిరాస్తుల కొనుగోలు వరస పెట్టి చూడండి. లాభనష్టాల ఖాతా కన్నా ఆ రెండు వరసలే ఎక్కువ చెబుతాయి.

ఓపిక_తక్కువ
అయితే కొట్లు అద్దెకి తీసుకునే విశాల్ మెగా మార్ట్ మేలా? ఎబిటా 14% చూపిస్తోంది. దీనికి రెట్టింపు!

సీఏ_లబ్బీపేట
ఇక్కడే అందరూ పడే గొయ్యి. 2019 ఏప్రిల్ నుంచి ఇండ్ ఏఎస్ 116 అనే అకౌంటింగ్ నియమం వచ్చాక లీజు అద్దె ఖర్చుగా ఎబిటా పైన కనపడదు. తరుగుదల, వడ్డీ అని రెండు ముక్కలై ఎబిటా కిందకి జారిపోతుంది. కొట్లన్నీ అద్దెవైతే ఎబిటా ఉబ్బి కనిపిస్తుంది. సొంత స్థలం వాడి ఎబిటాతో దాన్ని పోల్చకూడదు. నికర లాభం పోల్చండి: విశాల్‌కి 2024-25లో అమ్మకం 10,716 కోట్లు, లాభం 632. వందకి 5.9. తేడా రెట్టింపు కాదు, రూపాయి ముప్పావలా లోపు.

సరుకూ వేరే. అక్కడ బట్టలే పెద్ద పద్దు, సొంత బ్రాండ్లు ఎక్కువ. పప్పు బియ్యం కొట్టు కాదు. 2024 డిసెంబరులో 78 రూపాయలకి 8,000 కోట్ల ఐపీఓ వేస్తే మొత్తం పాత యజమాని వాటా అమ్మకమే, కంపెనీ ఖాతాలో రూపాయి పడలేదు. డీమార్ట్ 2017 మార్చిలో 299కి వేసిన 1,870 కోట్లు మాత్రం కంపెనీకే వెళ్ళాయి.

వన్‌టౌన్_హోల్‌సేల్
సరఫరాదారు వైపు నుంచి ఒక మాట, ఇది ఎవరూ చెప్పట్లేదు. చవగ్గా అమ్మడానికి మూలం చవగ్గా కొనడం. మామూలు చిల్లర కొట్టుకి సబ్బులు, పేస్టుల మీద 8 నుంచి 12% మార్జిను. పెద్ద చైను కంపెనీ దగ్గరే కొంటుంది కాబట్టి మధ్యలో డిస్ట్రిబ్యూటరు వాటా కూడా దానికే. ఆపైన సరుకు దిగిన వారం పది రోజుల్లో డబ్బు. నెల రోజుల అప్పు బదులు ఏడో రోజున కడితే 1% తగ్గిస్తారనుకోండి. 23 రోజుల ముందు కట్టినందుకు 1%, ఏడాది మీద చూస్తే దాదాపు 16%. బ్యాంకులో ఏ డిపాజిట్టూ అంత ఇవ్వదు. బాలెన్స్ షీటులో సరుకు నెల పైచిలుకు రోజులు, చెల్లించాల్సిన బాకీ వారం రోజులు కనపడటం అందుకే. 

బెంజిసర్కిల్_బేరం
ఇంకో అనుమానం. స్టాండ్‌అలోన్ (అనుబంధ సంస్థలు కలపని) లాభం 747 కోట్లని ఒక చోట, 685 అని ఇంకో చోట. ఏది నమ్మాలి?

కృష్ణలంక_కాలిక్యులేటర్
రెండూ నిజమే. తేడా 62 కోట్లు. అందులో పెద్ద ముక్క డీమార్ట్ రెడీ నడిపే ఆన్‌లైన్ అనుబంధ సంస్థ నష్టం. 2024-25 మొత్తానికి స్టాండ్‌అలోన్ 2,927, కన్సాలిడేటెడ్ 2,707, తేడా 220. షేరు కొన్నవాడికి నష్టంలోనూ వాటా ఉంది కాబట్టి పీఈకి కన్సాలిడేటెడే తీసుకోవాలి. స్టాండ్‌అలోన్ అంకెతో పీఈ చవగ్గా చూపించే యాప్‌లు ఉన్నాయి, జాగ్రత్త.

ఓపిక_తక్కువ
సరే, అమ్మితే పన్నెంత? 5,500లో కొన్నవాడి గతేంటి?

సీఏ_లబ్బీపేట
ఏడాది దాటితే 12.5%, లోపయితే 20%, పైన సెస్సు. ఏడాదికి 1.25 లక్షల దీర్ఘకాలిక లాభం దాకా పన్ను లేదు. 2,000కి కొన్న 50 షేర్లు 4,000కి అమ్మితే లాభం లక్షే, వేరే అమ్మకాలు లేకపోతే పన్ను సున్నా. ఐపీఓలో 299కి వచ్చినవాళ్ళు 299ని కొనుగోలు ధరగా వేసి అనవసరంగా కట్టేస్తుంటారు. 2018 జనవరి 31న ఎక్స్చేంజిలో పలికిన గరిష్ఠ ధర వేసుకోవచ్చు, అమ్మకం ధర అంతకన్నా ఎక్కువ ఉంది కాబట్టి.

5,500 వాడు ఏడాది దాటాక అమ్మితే ఆ నష్టం దీర్ఘకాలిక లాభంలోనే సర్దాలి, స్వల్పకాలిక లాభంలో కుదరదు. మిగిలింది 8 ఏళ్ళు ముందుకి తీసుకెళ్ళొచ్చు, రిటర్ను గడువులోపు వేస్తేనే. గడువు దాటితే నష్టం కూడా నష్టపోతాడు.

పటమట_పెట్టుబడి
కొత్త సీఈఓ సంగతి ఎవరూ ఎత్తలేదు. నెవిల్ నొరోన్హా తరవాత యూనిలీవర్ నుంచి అన్షుల్ అసావా ఫిబ్రవరి 2026లో పగ్గాలు తీసుకుంటారని కంపెనీ ప్రకటించింది. బ్రాండ్ల కంపెనీ మనిషి వస్తే ఆ దుప్పట్ల వాటా కదులుతుందేమో.

వన్‌టౌన్_హోల్‌సేల్
సబ్బులమ్మే కంపెనీ నుంచి వచ్చినాయన దుప్పట్లమ్ముతారా, చూద్దాం.

బెంజిసర్కిల్_బేరం
2026 జనవరిలో ముందుగా ఏ అంకె చూడాలి?

కృష్ణలంక_కాలిక్యులేటర్
త్రైమాసికం ముగిసిన రెండు మూడు రోజుల్లో ఎక్స్చేంజికి స్టాండ్‌అలోన్ రాబడి, కొట్ల సంఖ్య పంపుతారు. అసలు ఫలితాలు ఆ తరవాత వారానికి. కొట్ల సంఖ్య 2025 సెప్టెంబరు ఆఖరికి 432, మార్చిలో 415. అంటే అర్ధ సంవత్సరంలో 17. జనవరిలో తక్కువ కనపడితే కంగారు పడకండి. 2024 డిసెంబరుకి 387 ఉంటే మార్చికి 415, ఏడాదిలో తెరిచిన 50లో 28 ఆఖరి మూడు నెలల్లోనే. వాటి జీతాలు, కరెంటు ఆ తరవాతి ఏడాది మొదటి సగం మీద పడతాయి, అమ్మకం ఇంకా పుంజుకోదు. ఈ ఏడాది జూన్, సెప్టెంబరు లాభాలు చప్పబడటంలో దాని వాటా కూడా ఉంది.

గుంటూరు_ఘాటు
మార్చి 31కి హడావుడి పడేది మన సీఏలే అనుకున్నా, వీళ్ళూనా.

సీఏ_లబ్బీపేట
మేం కొట్లు తెరవం ఘాటు గారూ, మూస్తాం. రాత్రి పదకొండింటికి.